వెదురు ఎత్తని పొద్దు

ఇలా దగ్గరికి జరగండి. గడప అవతల నిలబడ్డ పిల్లా, నువ్వూ రా, ఆ చోళ్ల చేట పక్కన పెట్టి కూర్చో. గొంతెత్తి చెప్పే కథ కాదిది. మన ఘాట్ రోడ్డు మొదట్లో ఉండే రత్న, సముద్రంలో మునగడానికి కావలసిన సామాన్లు ఏరుతూ, నాలుగు రోజులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగిన కథ.

గురువారం పొద్దున్న అరకులో ఎండ ఇంకా చల్లగానే ఉంది. రిసార్టు వరండాలో నీలం టార్పాలిన్ పరిచి, రత్న సంచుల్లోంచి ఒక్కొక్కటే బయటికి తీస్తోంది. కళ్లకూ ముక్కుకూ కలిపి పెట్టుకునే మాస్కులు, కాళ్లకు తొడిగే రబ్బరు రెక్కలు, గాలి నింపే జాకెట్లు, నడుముకు కట్టుకునే సీసం బిళ్లలు, నోట కరిచిపట్టి ఊపిరి తీసుకునే రెగ్యులేటర్లు. ఒడ్డున సముద్రంలో మునగడం నేర్పే కామేష్ దగ్గర ఆమెకు ఐదేళ్లుగా పని. ఒడ్డుకు దూరంగా, ఎనభై అడుగుల లోతున, ఎప్పుడో మునిగిపోయిన ఇనుప ఓడ ఒకటి పడి ఉంది. దాన్ని చూపిస్తామని రిసార్టు వాళ్లు ఆదివారానికి నలుగురు అతిథులను పోగు చేశారు. ఎవరికి ఏ సామాను సరిపోతుందో చూసి, ఎవరు ఎంత లోతున ఎంతసేపు ఉండాలో రాసిచ్చి రమ్మని కామేష్ ఆమెను కొండ మీదికి పంపాడు.

రత్న మాస్కు ముఖానికి ఆనించి, పట్టీ వేయకుండానే, ముక్కుతో గాలి పీల్చి చేతులు వదిలేసింది. మాస్కు అలాగే అతుక్కుని నిలిచింది. దాన్ని కుడివైపు పెట్టింది. ఇంకొకటి జారి ఒళ్లో పడింది. అది ఎడమవైపు. రెగ్యులేటర్లను సిలిండరుకు తగిలించి, చెవి దగ్గర పెట్టుకుని, బుసబుసమనే చప్పుడు ఉందేమోనని విన్నది. ఓడ చుట్టూ జాలర్ల పాత వలలు చుట్టుకుని ఉంటాయి కాబట్టి మనిషికొక చిన్న కత్తి. లోపల చీకటి కాబట్టి మనిషికి రెండేసి టార్చిలు. పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి చేతుల్లా ఆమె చేతులకు ఏది ఎక్కడుందో తెలుసు.

మేనేజరు రవిబాబు ఆమె రాసిన చీటీ పట్టుకుని వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో తాళాల గుత్తి, మంచి మాటతీరు.

"మణికట్టుకు పెట్టుకునే కంప్యూటర్లు ఐదు రాశావేమ్మా? వాళ్లు నలుగురే కదా."

"ఐదోది మా అన్నయ్యకండి. ఎంత లోతు, ఎంతసేపు అని లెక్క చూపేది అదే కదండీ."

"ఫల్గుణకెందుకు? అతను చేప." నవ్వుతూనే, జేబులోంచి పెన్ను తీసి, ఐదు కొట్టేసి నాలుగు వేశాడు.

ఫల్గుణ వరండా మెట్ల మీదే కూర్చుని తాడు చుడుతున్నాడు. ముప్పయ్యారేళ్లవాడు. డొంకరాయి డ్యాములో గేట్లకు అడ్డం పడిన దుంగలను మునిగి తీసేవాడు; ఇప్పుడు రిసార్టులో తోట పని, సాయంత్రాలు అతిథుల ముందు థింసా ఆటకు డప్పు. ఆదివారం అందరికన్నా ముందు దిగి ఓడకు తాడు కట్టేది అతనే. అతిథులతో మళ్లీ దిగేదీ అతనే. చివరన తాడు విప్పేదీ అతనే. వాళ్లకు ఒక్క మునక, అతనికి మూడు. చీటీలో కొట్టేసిన అంకె ఆ మూడు మునకల మనిషిది. రత్న గోడ మీద అంటించిన పోస్టరు చూసింది.

'సముద్రం అడుగు నుంచి కొండ కొప్పు దాకా, ఒక్క రోజులో' అని పెద్ద అక్షరాలు. కింద టైములు వేసి ఉన్నాయి. తెల్లవారుజామున వ్యాను, తొమ్మిదికి మునక, ఒంటిగంటన్నరకు తిరుగు ప్రయాణం, ఐదున్నరకు అరకు, ఏడింటికి మంట చుట్టూ థింసా.

"సార్, ఇదవదు," అంది రత్న, ఐదున్నర మీద వేలు పెట్టి. "దిగినోళ్లు ఆ రోజు కొండెక్కకూడదు."

"ఎందుకని?"

"సోడా సీసా తెలుసు కదండీ. మూతున్నంతసేపు గ్యాసు కనిపించదు. లోతుకెళ్తే నీళ్ల బరువుకి మనం పీల్చిన గాలి నెత్తుట్లో అలాగే కలిసిపోతాది. మెల్లగా పైకొచ్చి, ఒడ్డున ఒక పగలూ రేత్రీ ఉంటే మెల్లగా పోతాది. అలా ఉండకుండా ఇంత ఎత్తుకొచ్చేస్తే మూత తీసేసినట్టే. బుడగలు కీళ్లలోకి వస్తాయి, వెన్నులోకి కూడా." తన మణికట్టు మీది కంప్యూటరు తిప్పి చూపించింది. "మునిగి లేచాక ఇక్కడ ఇమానం బొమ్మ వొస్తాది, పక్కన గంటలు. అన్ని గంటలూ ఎత్తుకి పోకూడదని."

"మనం ఎక్కేది విమానం కాదుగా, వ్యాను." రవిబాబు తేలిగ్గా నవ్వాడు. "ఆ రోడ్డు మీద రోజూ చేపల బండ్లు ఎక్కుతున్నాయి. ఏ చేపకేమయింది?"

"అవి చచ్చే ఎక్కుతాయండి."

మెట్ల మీద ఫల్గుణ నవ్వు ఆపుకోలేకపోయాడు. రవిబాబు మొహం బిగిసింది. "ఒక్క రోజులో అన్న ఆ మాట చూసే వాళ్లు వస్తున్నారమ్మా. నువ్వు సామాను చూడు, చాలు."

రత్న పెరట్లోకి వెళ్లి కామేష్‌కు ఫోన్ చేసింది. అతను అంతా విని, "పడవ ఎక్కించి దించేదాకే మన బాధ్యత రత్నా. తరవాత వాళ్ల వ్యాను, వాళ్ల రోడ్డు," అన్నాడు. అతనికీ తెలుసు. తెలిసినవాడే అలా అన్నాక, రత్న ఫోను కట్టేసి మళ్లీ సామాను దగ్గరికి వెళ్లింది.

శనివారం మధ్యాహ్నానికి ఘాటీ దిగి ఇంటికి వచ్చింది. ఊళ్లో ఇటుకల పండగ. ఇంటింటి విత్తనాలూ ఒక్కచోట కలిపి, పూజ చేసి, మళ్లీ ఇంటింటికీ పంచుకునే రోజులవి. మగవాళ్లు వేటకు అడవిలోకి పోతారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురు కట్టి, వచ్చే బండ్లను ఆపి, పాట పాడి, పండగ మామూలు పుచ్చుకుని వదులుతారు. ఆడవాళ్లు వేసిన వెదురు ఆడవాళ్లే ఎత్తాలి. మగవాడు చెయ్యి వేస్తే ఆ యేడు చల్లిన గింజ మొలవదని మాట.

ఇంటి ముందు మామ్మ యర్రమ్మ కూర్చుని సామలూ కందులూ ఏరుతోంది. పక్కన తాత సోములు. ఆయన ఎడమ చెయ్యి ఎప్పుడూ పక్కటెముకలకు అంటుకునే ఉంటుంది. అన్నం ముద్ద, చుట్ట, గొడ్డలి, అన్నీ కుడిచేతివే. కొండదేవత భుజం పట్టేసిందని ఊరి మాట. ఆయన అవుననడు, కాదనడు.

ఫల్గుణ పిల్లలకు రబ్బరు రెక్కలు తొడిగి వాకిట్లో నడిపిస్తున్నాడు. వదిన స్వర్ణ నవ్వుతోంది. "బాతులెక్కడివే మా ఇంట్లో?"

రత్న నవ్వలేకపోయింది. "అన్నయ్యా, రేపు ఒడ్డు నుంచి ఇక్కడికే వొచ్చీ. ఇంట్లో ఉండిపో. ఘాటీ ఎక్కకు."

"డప్పు ఎవలు కొడతారు? పెర్మనెంటు సేత్తానన్నాడు మేనేజరు. ఒక్క రేత్రి కోసం సెడగొట్టుకోమంటావా?" అన్నాడు ఫల్గుణ. "నాను సిన్నప్పట్నించి నీళ్లలోనే ఉన్నాను గదే. డొంకరాయిలో మునిగి, మెట్లెక్కి, సక్కా కోటర్సుకి ఎలిపోయీవోణ్ని. ఏటయింది?"

"అక్కడ నీళ్లూ కొండ మీదే, నువ్వూ కొండ మీదే. ఇక్కడ సముద్రం కిందనుంది, అరకు పైనుంది."

"కొండ గాలికి రోగం పోతాది గానీ వొస్తాదేటే? కిందన జొరమొస్తే పైకే గదా మోసుకుపోతాం మనం."

అదీ చిక్కు. తరతరాలుగా జబ్బంటే కిందది, ఆరోగ్యమంటే పైది. రత్న సోడా సీసా సంగతి మళ్లీ మొదలుపెట్టింది. గాలి నెత్తుట్లో కలవడం, బుడగలు, కీళ్లు. చెబుతూ ఉంటే తాత చుట్ట నోటి దాకా తెచ్చి ఆపేశాడు. మామ్మ చేతిలో చేట ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఎన్ని గంటలుండాల కిందన?" అని అడిగింది యర్రమ్మ.

"ఒక పగలూ ఒక రేత్రీ, మామ్మా."

"ఊఁ," అని మళ్లీ చేట కదిపింది.

ఆదివారం సముద్రం నూనె పోసినట్టు నిమ్మళంగా ఉంది. పడవ తాతారావుది. ఓడ ఎక్కడుందో ఆయన ఫోనులో చూడడు. దూరంగా నీలంగా కనిపించే కొండ ముక్కు ఒడ్డు మీది తెల్ల గోపురం నెత్తికి సరిగ్గా వచ్చినప్పుడు ఇంజను కట్టేస్తాడు. "ఇక్కడే," అన్నాడు. అందరూ కింద నీళ్లకేసి చూశారు. రత్న మాత్రం ఆ కొండకేసి చూసింది. సాయంత్రానికి ఎక్కాల్సింది దాన్నే.

తన కంప్యూటరు విప్పి అన్న మణికట్టుకు కట్టింది. "మరి నీకో?" అన్నాడు ఫల్గుణ. "నాను దిగను. లెక్క సూసుకుంటాను." పలకా పెన్సిలూ తీసుకుని పడవ అంచున కూర్చుంది.

మొదటి మునక, తాడు కట్టడానికి, పద్నాలుగు నిమిషాలు. రెండోది కామేష్‌తోనూ నలుగురు అతిథులతోనూ. వాళ్లు లేచి వచ్చినప్పుడు మొహాలు వెలిగిపోతున్నాయి. గాయత్రి అని బ్యాంకులో పనిచేసే ఆవిడ, ఓడ కిటికీలోంచి ఈతకొట్టుకుంటూ పోయిన చేపల మంద గురించి చలికి పళ్లు టకటక కొట్టుకుంటుంటే చెబుతోంది. రవిబాబు అందరికీ తువ్వాళ్లు అందిస్తున్నాడు. మూడోసారి ఫల్గుణ తాడు విప్పడానికి ఒక్కడే దిగాడు.

ఎనిమిది నిమిషాలు అనుకున్నారు. తొమ్మిది. పది. బుడగలు ఒకే చోట పైకి వస్తున్నాయి. పన్నెండు. రత్న పెన్సిలు కొన విరిగింది. పదిహేను. తాతారావు బీడీ ముట్టించకుండా చేత్తో పట్టుకునే ఉన్నాడు. పందొమ్మిదో నిమిషాన తాడు సడలింది. ఫల్గుణ మెల్లగా, ఆగి ఆగి పైకి వచ్చాడు. "వల సుట్టుకున్నాది తాడుకి. కోసీసరికి ఆలస్యమైంది," అన్నాడు. సిలిండరులో ఎంత గాలి మిగిలిందో చూపే ముల్లు ఎర్ర గీత మీద ఉంది.

రత్న అతని మణికట్టు పట్టుకుని చూసింది. విమానం బొమ్మ. పక్కన ఇరవై మూడు. దాన్ని కామేష్‌కు చూపించింది. అతను చూసి, తల తిప్పి ఒడ్డుకేసి చూశాడు. ఫల్గుణ కూర్చుని తాడు చుడుతున్నాడు. ఒంటిచేత్తో చుడుతున్నాడు. అలసిపోయాడనుకుంది రత్న. అలా అనుకోవడమే ఆమెకు ఆ క్షణాన తేలిక.

ఒడ్డున అన్నాలయ్యాక రవిబాబు ముందు నిలబడింది. "ఇరవై మూడు గంటలండి. ఒక్క రాత్రి ఇక్కడే ఎక్కడైనా ఆపండి. వాళ్ల కోసం కాకపోతే మా అన్నయ్య కోసం."

"మంట వేయడానికి కట్టెలు పేర్చేశారమ్మా అక్కడ," అన్నాడు రవిబాబు, వాచీ చూసుకుంటూ. చెడ్డవాడి గొంతు కాదు. అలవాటైన పనిలో మునిగిపోయినవాడి గొంతు. "ఫల్గుణా, ఏమయ్యా, నీకేమైనా ఇబ్బందా?"

"ఏటీ లేదు సార్," అన్నాడు ఫల్గుణ.

రత్న పడవ దగ్గరికి వెళ్లింది. అత్యవసరానికి ఉంచిన ఆక్సిజను సిలిండరు, మాస్కుతో సహా, ఎవరినీ అడగకుండా తీసి తన సంచిలో పెట్టుకుంది. తరవాత వదినకు ఫోన్ చేసి, మామ్మకు ఇమ్మంది.

"మామ్మా, తెల్ల వ్యాను. మూడున్నరకి మనూరు కాడికి వొస్తాది. అన్నయ్య ఉన్నాడు దాన్లో."

అవతల డప్పుల మోత, ఆడవాళ్ల పాట. యర్రమ్మ గొంతు మాత్రం నిదానంగా ఉంది. "రేపు ఎన్ని గంటలకి ఎత్తాల వెదురు?"

రెండు గంటల ప్రయాణం. రత్న వెనక సీట్లో కూర్చుని, ముందు కూర్చున్న అన్న మెడ వెనక భాగం చూస్తూనే ఉంది. ఒకసారి అతను ఎడమ భుజం గుండ్రంగా తిప్పాడు. కాసేపటికి మళ్లీ. "ఏటన్నయ్యా?" "సిలిండరు మోత. కొండెక్కితే అదే పోతాది." నిమిషాలు ముళ్లయ్యాయి ఆమెకు. మామ్మ ఊరికే అన్నదేమో. డబ్బు పుచ్చుకుని వదిలేసే ఆట అనుకుందేమో. రవిబాబు మాటతీరుకు వంద మంది కరిగిపోతారు.

చింతచెట్లు దాటి మలుపు తిరగగానే రోడ్డుకు అడ్డంగా వెదురు. పచ్చిది, తొడ లావున. ఇరవై మంది ఆడవాళ్లు చేతులు చేతులు పట్టుకుని నిలబడ్డారు. మధ్యలో యర్రమ్మ.

రవిబాబు కిటికీ దించి, నవ్వుతూ నోటు చాపాడు. ఆడవాళ్లు పాట పాడారు. పాట అయిపోయింది. నోటు ఎవరూ అందుకోలేదు. ఇంకో నోటు కలిపాడు.

"ఈ యేడు డబ్బులొద్దు బాబూ," అంది యర్రమ్మ. "మనుసులు కావాల. రేపు మజ్జానం దాకా మా ఊరి సుట్టాలు మీరు. సోడి అంబలుంది, కోడుంది, పడకకి సాపలేసీసినాం."

"అవ్వా, తమాషా చాలు. అతిథులున్నారు."

"సుట్టాలన్నాను గదా మరి."

రవిబాబు డ్రైవరుకేసి చూశాడు. డ్రైవరూ ఈ కొండలవాడే. స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "వెదురు నాను ముట్టుకోనండి." రవిబాబు తనే దిగాడు. "ఫల్గుణా, రా, ఓ చెయ్యి వెయ్యి."

"నానూ ముట్టుకోను సార్," అన్నాడు ఫల్గుణ, మెల్లగా. అలా అన్నందుకు పెర్మనెంటు పోతుందని అతని మొహం చూస్తేనే తెలుస్తోంది.

రవిబాబు రత్న వైపు తిరిగాడు. "ఇది నీ పనే కదూ?"

"అవునండి," అంది రత్న. వ్యాను దిగి వచ్చి వెదురు పక్కన నిలబడింది. "రేపటి నుంచి పనికి రావద్దంటే రాను. ఇయ్యాల మాత్రం ఎక్కనివ్వను."

వెనకనుంచి గాయత్రి దిగింది. తన మణికట్టు ముందుకు చాపింది. "నా దాని మీదా ఈ విమానం ఉంది, పద్దెనిమిది అంటోంది. పొద్దున్నుంచీ చూస్తున్నాను. ఇదేమిటో మాకెవరూ చెప్పలేదేం, రవిబాబు గారూ?" రవిబాబు నోట్లు మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

అంతలో వ్యాను దిగిన ఫల్గుణను ఆడవాళ్లు చుట్టేశారు. వేటకు పోయి ఉత్త చేతులతో వచ్చిన మగవాడి మీద పేడనీళ్లు పోయడం ఆనవాయితీ. "మరిదీ, అడవి వొగ్గీసి సంద్రం యేటకెళ్లావు గదా, ఏటి తెచ్చినావు?" "ఇనప ఓడంట, జేబులో ఎట్టీసుంటాడు సూడండే." నవ్వులు. ఒకామె డప్పు తెచ్చి అతని మెడలో వేయబోయింది. ఫల్గుణ చేతులెత్తాడు. కుడిచెయ్యి లేచింది. ఎడమది నడుము దాకా వచ్చి ఆగిపోయింది.

నవ్వు ఒక్కొక్క నోటా ఆరిపోయింది.

చెట్టు కింద కూర్చున్న సోములు లేచాడు. మెల్లగా వచ్చి, మనవడి ముందు నిలబడి, కుడిచేత్తో అతని ఎడమ భుజం నొక్కాడు. "లోపల, ఎముకలో గదా?" ఫల్గుణ తలూపాడు. "నొక్కితే తెలవదు. లోపల్నించి పురుగు తొలిసినట్టుంటాది." మళ్లీ తలూపాడు.

"ఎప్పట్నించన్నయ్యా?" అంది రత్న.

"పడవలోంచే."

 యర్రమ్మ మొగుణ్ని చూపిస్తూ రవిబాబుతో చెప్పింది, ఎవరినీ నిందించకుండా. "ఈయన ఏట్లో వంతెన పునాదికి తవ్వే బావుల్లో దిగీవోడు బాబూ, మా పెళ్లైన కొత్తల్లో. ఇనప బావి, మూతేసి లోపలికి గాలి కొట్టీవోరు. పైకొచ్చినంక ఇనప గదిలో కూకోబెట్టీవోరంట, ఆ గాలి మెల్లగా పోడానికి, గంటలు గంటలు. ఇటుకల పండగని ఆ గది తప్పించుకుని లారీ ఎక్కీసినాడు. ఘాటీ సగం ఎక్కీసరికి ఈ సెయ్యి పడిపోనాది. మా దేవతకి కోపమొచ్చిందనుకున్నాం. నిన్న ఈ గుంట సోడా సీసా అన్నాది, అప్పుడు తెలిసినాది మాకు. అరవై యేళ్లకి."

రత్న అప్పటికే సంచి విప్పింది. మాస్కు అన్న ముఖానికి ఆనించింది, పట్టీ బిగించింది, సిలిండరు తిప్పింది. అరకు ఆసుపత్రి దగ్గరని ఎవరో అన్నారు. "పైకి కాదు," అంది. "కిందికి. తాత తప్పించుకున్న ఆ గది లాంటి గాలి గది ఉన్న పెద్దాసుపత్రి సిటీలో ఉంది." ఫోను తీసింది. రవిబాబు ఆ సోములు చేతికేసి, పక్కటెముకలకు అంటుకుపోయిన ఆ చేతికేసి చూశాడు. డ్రైవరు దగ్గరికి వెళ్లి తనే తలుపు తీశాడు. "దిగు. నేను నడుపుతాను. నువ్వు ఇక్కడే ఉండి అతిథులను చూసుకో." వ్యాను తిప్పడానికి మూడుసార్లు ముందుకూ వెనక్కూ వేయాల్సి వచ్చింది. వచ్చిన దారినే, సముద్రం వైపు, పోయింది. వెదురు ఎత్తాల్సిన పనే పడలేదు.

గాలి గదిలో ఫల్గుణ ఐదు గంటలు ఉన్నాడు. మర్నాడు మళ్లీ రెండు గంటలు. ఆ రెండు రోజులూ రత్న గది బయట బెంచీ మీదే కూర్చుంది. గుండ్రటి అద్దంలోంచి అన్న ఆవులించడం కనిపించినప్పుడల్లా ఆమెకు ఊపిరి వచ్చేది. బుధవారం ఇంటికి వచ్చాడు. వాకిట్లో కాలు పెట్టగానే వదినలు పేడనీళ్లు పోశారు. తప్పించుకోవడానికి రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకున్నాడు. రెండూ లేచాయి. చెట్టు కింద సోములు అది చూసి, చుట్ట ముట్టించి, మొహం అటు తిప్పుకున్నాడు.

తరవాతి వారం రత్నకు అరకు నుంచి చీటీ వచ్చింది, సామాను రాసి పంపమని. అడుగున రవిబాబు రాతలో ముందే ఒక వరస వేసి ఉంది: కంప్యూటర్లు ఐదు. పోస్టరు మీద మాట కూడా మారింది, రెండు రోజుల్లో అని.

ఇదీ జరిగింది. చేట అందుకో తల్లీ, పని ఆగకూడదు. కానీ ఈ సంగతి మరిచిపోకండి. రేపు మీ పిల్లలకూ, రోడ్డున పోయే కొత్తవాళ్లకూ చెప్పండి: సముద్రం లోతు చూసి వచ్చినవాణ్ని ఒక పగలూ ఒక రాత్రీ కిందే కూర్చోబెట్టమనండి. ఎందుకని అడిగితే సోములు చెయ్యి సంగతి చెప్పండి. వినకపోతే, వెదురు ఎక్కడ కొట్టుకు రావాలో మీకు తెలుసు కదా.